బాతు బదులు అత్తగారు

వీధిలో అతన్ని అందరూ తెరల అల్లుడు అంటారు. పెద్ద పెద్ద ఆటల మైదానాల్లో గ్యాలరీ చుట్టూ వడ్డాణంలా మెరుస్తుందే, ఆ ఎల్ఈడీ తెర మీద కదిలే బొమ్మలు చేసేది అతనే. ఉండేది అత్తగారింట్లో. పని చేసేది వంటింటి బల్ల మీద. ఓ పక్క కంప్యూటరు, ఇంకో పక్క కూరగాయల బుట్ట. మౌసనుకుని వంకాయ పట్టుకున్న రోజులూ లేకపోలేదు.

వెనక గదిలో అత్తగారి పాత కుట్టుమిషను ఒక్కటే కాపురం చేస్తోంది. ఆ గది కోసం మూడేళ్లుగా అడుగుతున్నాడు.

"బొమ్మలాడుకోడానికి గదెందుకు అల్లుడూ?" అనేది ఆవిడ. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. పనంటే చేత్తో పట్టుకుని లాగి చూసేలా ఉండాలని ఆవిడ లెక్క. చివరికి ఓ మెట్టు దిగింది. "ఆదివారం ఫుట్‌బాల్ ఆటకి నేనూ వస్తా. నీ పనేదో కళ్లారా చూస్తా. నచ్చిందా, గది నీది. లేదా, మళ్లీ నోరెత్తకు."

సొంత ఊరి జట్టు గుర్తు బాతు. గోల్ పడగానే బాతు తెర మీద మైదానం చుట్టి రావాలి. మనవాడికేమో నడకని ఊహించి గీయడం చేతకాదు. ఎవరో నడుస్తుంటే ఫోన్లో తీసి, ఆ వీడియోని కింద పరుచుకుని, దాని మీద బొమ్మ గీస్తాడు. అయ్యాక కింది వీడియోని కనపడకుండా చేస్తాడు. ఈ బాతు కోసం కోళ్లనీ కుక్కల్నీ పోస్ట్‌మ్యాన్‌నీ కూడా తీశాడు. ఒక్కటీ కుదిరి చావలేదు. ఓ పొద్దున చెత్తబండి ఆగకుండా పోతుంటే, అత్తగారు బకెట్టు పట్టుకుని, మెడ చాచి, మోచెయ్యి రెక్కలా లేపి దాని వెంటబడింది. కిటికీలోంచి మొత్తం తీసేశాడు.

బాతు అచ్చుగుద్దినట్టు వచ్చింది. భార్య చూసి కడుపు పట్టుకుని నవ్వింది.

"అమ్మ గుర్తుపట్టిందంటే గది సంగతి దేవుడెరుగు, మన మంచం వీధిలో ఉంటుంది."

"బాతులో అత్తయ్యని ఎవరు చూస్తారే?"

ఆదివారం మధ్యాహ్నం జట్టు మేనేజరు ఫోన్ చేసి బాతు మెడలో రుమాలు ఎర్రగా మార్చమన్నాడు. మనవాడు హడావిడిగా మార్చి పంపేశాడు. కనపడకుండా చెయ్యాల్సింది వీడియోని. చేసింది బాతుని.

గోల్ పడింది. కంట్రోల్ రూములో మనవాడి పక్కనున్న ఆపరేటరు మీట నొక్కాడు. రెండు నిలువుల ఎత్తున, బకెట్టుతో సహా, అత్తగారు బయల్దేరింది.

"ఎవరండీ ఆవిడ?"

"మా అత్తగారు."

"మరి బాతేదీ?"

"ఆవిడే."

మైదానంలో వేలమంది లేచి, మెడలు చాచి, మోచేతులు లేపి నడవడం మొదలెట్టారు. మేనేజరు ఫోన్లో అరుస్తున్నాడు: "ఆపారో, ఊరుకోను!"

విరామంలో మనవాడు కాళ్లీడ్చుకుంటూ గ్యాలరీకి వెళ్లాడు. తల్లి పక్కన కూర్చున్న భార్య మొహం చేతుల్లో దాచుకుంది.

"అల్లుడుగారూ," అంది అత్తగారు. ఆవిడ 'గారు' తగిలించిందంటే కొంప మునిగినట్టే.

"పొరపాటున అత్తయ్యా, అది..."

"నోర్ముయ్! నా చెప్పు చూశావా?"

"చెప్పా?"

"తెగిన పట్టీకి పిన్నీసు పెట్టుకుంటే, మంచమంత కనపడింది! ఊరందరి బట్టలూ కుట్టినదాన్ని, నా చెప్పుకి పిన్నీసా?"

ముందు వరసలో లావుపాటాయన వెనక్కి తిరిగాడు. "అమ్మా! మీరేనా? ఇంకో గోల్ పడితే మళ్లీ నడుస్తారా?"

ఆవిడ మెడ ఓ అంగుళం సాగింది. "ముందు పడనివ్వు నాయనా, చూద్దాం."

మర్నాడు పొద్దున్నే కుట్టుమిషను వంటింట్లోకొచ్చింది, కంప్యూటరు వెనక గదిలోకెళ్లింది. మనవాడు తీగలింకా తగిలించనేలేదు, అత్తగారు కొత్త చెప్పులేసుకుని, బకెట్టు పట్టుకుని వచ్చి గోడవారన నిలబడింది.

"గదిచ్చా కదా. మళ్లీ తియ్యి. ఈసారి చెప్పులు బాగా కనపడాలి."

తీశాడు. కొత్త చెప్పులు కరుస్తున్నాయి కాబోలు, ఆవిడ అటు కుంటి, ఇటు కుంటి, గోడ పట్టుకుని మరీ నడిచింది. ఇది బాతు కాదు, ముల్లు గుచ్చుకున్న కొంగ.

"ఎలా ఉంది అల్లుడూ?"

మనవాడు గదినోసారి కలయజూశాడు. కిటికీ ఉంది, తలుపుంది, వంకాయలు లేవు.

"అచ్చం బాతే అత్తయ్యా," అన్నాడు.