ముందు సూబ్రాయన్, తర్వాతే మనం

సూబ్రాయన్ బాబాయికి ఒకటే జబ్బు. ఏ వస్తువునైనా, ఏ పనినైనా, ఏ మనిషినైనా ముందు తను పరీక్షించి చూడందే పక్కవాళ్ళను దాని దరిదాపులకు పోనివ్వడు. ముప్ఫై ఏళ్ళు దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో బస్సు నడిపి రిటైరైన మనిషి. ముందు సీట్లో కూర్చుని కూర్చుని, లోకమంతా తన వెనకాలే రావాలన్న అభిప్రాయం స్థిరపడిపోయింది.

మేము ఇండియా నుంచి వచ్చి, డర్బన్ శివారు షాల్‌క్రాస్‌లో వాళ్ళ పెరటి వాటాలో అద్దెకు దిగింది తొంభై ఐదు చివర్లో. నేను లెక్కల టీచర్ని. మా ఆయన క్రాంతి మెరీబ్యాంక్ అనే పేటలో ఇంజనీరు. మా తేజశ్రీకి ఐదేళ్ళు. సూట్‌కేసులతో గుమ్మంలోకి వచ్చేసరికి బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి. ముందు నేను, మల్లా మీరు."

భుజాన తువ్వాలు వేసుకుని మా బాత్రూములోకి వెళ్ళి శుభ్రంగా వేన్నీళ్ళు పోసుకుని వచ్చాడు. తర్వాత మా మంచం మీద నడుం వాల్చాడు. గట్టిదో కాదో చూస్తున్నాడనుకుని మేము సామాను పట్టుకుని నిలబడ్డాం. ముప్పావు గంట గురకపెట్టి లేచి, "గుడ్ బెడ్" అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

వాళ్ళ ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల కూలీగా ఓడలో వచ్చాడట. నాలుగు తరాలు వాడి వాడి బాబాయి తెలుగులో క్రియల చివర్లు అరిగిపోయాయి. తిట్లు మాత్రం చెక్కు చెదరలేదు. పెళ్ళిళ్ళలో అందరికంటే ముందు బిర్యానీ రుచి చూసేదీ ఆయనే. వీధి చివర టీ రూమ్ కొట్లో, రొట్టె డొల్ల చేసి కూర నింపే బన్నీ చౌ కొనుక్కున్న ప్రతివాడి దగ్గరా మొదటి ముక్క తుంచుకునేదీ ఆయనే. కారం సరిపోయిందని ఆయన తలాడించేసరికి కొన్నవాడికి రొట్టె చిప్ప మిగిలేది.

తొంభై నాలుగు ఎన్నికల సంగతి ఆయన భార్య అంబీ పిన్ని చెప్పింది. దేశంలో తెల్లా నల్లా తేడా లేకుండా జనమంతా ఒకే వరుసలో నిలబడి వేసిన మొదటి ఓటు అది. బాబాయి ఆ పొద్దున భార్యను గుమ్మంలోనే ఆపాడట. "ముందు నేను వేసేది. నాకేమీ కాకపోతే మల్లా నువ్వు." నాలుగు గంటలు ఎండలో నిలబడి, ఓటు వేసి, క్షేమంగా ఉన్నానని చెప్పడానికి ఇంటికొస్తే పిన్ని తీరిగ్గా టీ తాగుతోందట. పక్కింటివాళ్ళ కారులో ఇంకో బూత్‌కి వెళ్ళి ఎప్పుడో వేసి వచ్చేసింది.

"రెండు గంటలయింది. నాకూ ఏమీ కాలేదు" అందట. బాబాయి కోపంతో రెండు రోజులు వంట రుచి చూడకుండా అందరితోపాటు కూర్చుని తిన్నాడట.

ఇక మా గొడవకొస్తాను. తేజశ్రీ ఇంట్లో ఉంటే నోరు మూయదు. గేటు దాటితే నోరు తెరవదు. బళ్ళో వేసి ఆరు నెలలు కావస్తోంది, ఒక్క మాట లేదు. బాత్రూముకి వెళ్ళాలని కూడా అడగదు, బిగబట్టుకుని ఇంటికొచ్చి పరుగెడుతుంది. మొదట్లో టీచరు బుద్ధిమంతురాలని మెచ్చుకుంది. తర్వాత భయపడింది. ఆఖరికి ప్రిన్సిపాల్ మమ్మల్ని పిలిచి, మూడో టర్మ్ అయ్యేలోగా నోరు విప్పకపోతే స్పెషల్ స్కూలుకి పంపించక తప్పదని చెప్పారు.

నేను రోజూ నలభైమంది పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తాను. నా కూతురి చేత "ప్రెజెంట్ మిస్" అనిపించలేకపోయాను. సిగ్గుగా ఉండేది. రాను రాను సిగ్గు పోయి భయం మిగిలింది.

క్లినిక్‌లో డాక్టరు చెవులు చూశాడు, నాలుక చూశాడు, అంతా బాగుందన్నాడు. పిల్లల థెరపిస్టును వెతుక్కోమన్నాడు. మా వీధిలో ఆ మాట అంటే పిచ్చి కిందే లెక్క. పైగా ఎదురింటి వాసీ ఆంటీ తేజశ్రీ బళ్ళోనే ఆఫీసులో పనిచేస్తుంది. ఆవిడ చెవిన ఏదైనా పడిందంటే సాయంత్రానికి షాల్‌క్రాస్ అంతా పడ్డట్టే. అందుకని ఈ విషయం అంబీ పిన్నికి మాత్రం వంటింట్లో గుసగుసగా చెప్పాను. తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది.

"ముందు నేను."

"బాబాయిగారూ, వెళ్ళాల్సింది పాప."

"పాపే పోయేది. మల్లా. ముందు నేను చూసేది."

"మీకేమైందని చెప్పుకుంటారు?"

"ఏమైందో వాళ్ళు చెప్పేది. నేనే చెప్తే వాళ్ళెందుకు?"

మొదట టౌన్‌లో ఒకావిడ దగ్గరికి వెళ్ళాడు. మనసులో ఉన్నదంతా చెప్పమందట. ఈయన అరవై ఒకటిలో బస్సెక్కిన రోజు నుంచి మొదలుపెట్టాడు. యాభై నిమిషాలయ్యేసరికి ఇంకా రెండో స్టాపులోనే ఉన్నాడు. ఆవిడ తలనొప్పి మాత్ర వేసుకోవడం కళ్ళారా చూశానని చెప్పాడు. "మంచి మనిషి. మాట్లాడేవాళ్ళకి మంచిది. మన పాప మాట్లాడేది లేదు కదా. కొట్టెయ్."

రెండోది ఒక పెద్దమనిషి. చెక్క ముక్కలు ముందు పెట్టి, గడియారం చేత్తో పట్టుకుని, పేర్చమన్నాడట. "నేను కొండ మీద బస్సు రివర్స్ చేసేది. నాకే చేతులు వణికింది. పాపకి వద్దు. కొట్టెయ్."

మూడోది గ్రీన్‌వుడ్ పార్క్‌లో మర్టిల్ అనే ఆవిడ. ఈసారి బాబాయి పాత కారులో నేనూ వెళ్ళాను. ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి, చెప్పులు విప్పేసి చాప మీద కూర్చుని ఉంది. గది నిండా బొమ్మలు. ఇసక తొట్టి, బొమ్మరిల్లు, చేతికి తొడుక్కునే గుడ్డబొమ్మలు, రంగులు, చిన్న చిన్న జంతువులు.

"పెద్దవాళ్ళు బాధను మాటల్లో చెప్పుకుంటారు. పిల్లలకు అన్ని మాటలుండవు, ఆటలో చెబుతారు" అంది మర్టిల్. "ప్రతి వారం బొమ్మలన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఏం ఆడాలో పాప ఇష్టం. నేను ప్రశ్నలు వెయ్యను, నేర్పను, శభాష్ అనను. పక్కన కూర్చుని చూసింది చూసినట్టు చెబుతుంటాను, అంతే."

"సిలబస్ ఎలా ఉంటుందండీ?" అని అడిగాను.

"ఉండదు."

"హోంవర్క్?"

"ఉండదు."

"పోనీ, నెలకోసారి టెస్టు లాంటిది?"

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "చివరిసారి మీరెప్పుడు ఆడుకున్నారు?" అని అడిగింది. నేను వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్క తేలలేదని ఒళ్ళు మండింది కూడా.

ఇంతలో బాబాయి బూట్లు విప్పేశాడు. "ముందు నేను."

మర్టిల్ ఆయన్ను ఎగాదిగా చూసింది. "సరే. కానీ అందరికీ ఒకటే రూలు. యాభై నిమిషాలు. టీచరుగారు బయట" అంది.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. కిటికీ సగం తెరిచి ఉంది. మర్యాదగా అటు చూడకూడదు. నేను చూశాను.

బాబాయి పది నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏం చేసేది?" అన్నాడు.

"ఈ గదిలో అది మీ ఇష్టం" అంది మర్టిల్.

"నిజంగా?"

అరవై రెండేళ్ళ మనిషితో ఆ మాట ఇంతవరకు ఎవరూ అన్నట్టు లేదు. మెల్లగా వెళ్ళి చిన్న కుర్చీలో కూర్చున్నాడు. లేచినప్పుడు కుర్చీ కూడా లేచింది. దాన్ని ఊడదీసుకుని ఇసక తొట్టి దగ్గర బాసింపట్టు వేసుకుని, అరచేత్తో రోడ్డు వేసి, బొమ్మ బస్సును తోలడం మొదలుపెట్టాడు. సింహాన్ని ముందు సీట్లో ఎక్కించాడు.

"బస్సు ఆగింది" అంది మర్టిల్.

"ఆగలేదు. జనం ఎక్కేది."

"ఓహో, జనం ఎక్కుతున్నారు."

యాభై నిమిషాలూ అయ్యాయని ఆవిడ చెప్పేసరికి మొహం వేలాడేశాడు. "పైన్‌టౌన్ చేరలేదే."

"మీకు వెళ్ళాలని లేదు. అయినా టైమైంది" అంది మర్టిల్, మృదువుగానే.

బయటికొచ్చి నాతో గంభీరంగా అన్నాడు, "ఒక్కసారికి తెలిసేది కాదు. ఇంకోసారి చూడాలి."

అలా ఇంకోసారి, ఆ పైన ఇంకోసారి. మూడు వారాలు గడిచాయి. టర్మ్ కరిగిపోతోంది, ఈయన గ్రీన్‌వుడ్ పార్క్‌లో కూర్చుని సింహానికి డ్రైవింగ్ నేర్పుతున్నాడు. పోనీ గుట్టుగా వెళ్ళొస్తాడా అంటే అదీ లేదు. టీ రూమ్‌లో చెప్పాడు. గుళ్ళో చెప్పాడు. బస్టాపులో ముక్కూమొహం తెలియని వాళ్ళను కూడా ఆపి చెప్పాడు. "నేను థెరపిస్ట్ దగ్గరికి పోయేది. నా తలకాయ చూపించేది. ప్రతి శనివారం." గుడి కమిటీ గోవిందసామి మంత్రించిన నిమ్మకాయలు సంచీ నిండా పంపించాడు. అంబీ పిన్ని వాటితో ఊరగాయ పెట్టింది.

మూడో వారం నేను ఆగలేకపోయాను.

"బాబాయిగారూ, ఇది పాప కోసమా, మీ సరదా కోసమా? మాకు అట్టే టైము లేదు."

"ఇంకొక వారం, అమ్మాయ్" అన్నాడు. తల దించుకుని అన్నాడు. నాకు మాత్రం జాలి కలగలేదు, ఉక్రోషం వచ్చింది.

ఆ పై శనివారం తేజశ్రీని తీసుకెళ్ళాం. నన్ను పట్టుకుని వదలదని, గుమ్మంలో ఏడుస్తుందని, రెండు రోజుల నుంచి ఏం చెప్పి ఒప్పించాలో నేను కంఠతా పట్టి ఉన్నాను. అది బాబాయి చెయ్యి పట్టుకుని కారు దిగింది. గది ముందు ఆ చెయ్యి వదిలేసింది. ఎవరినీ ఏమీ అడక్కుండా లోపలికి నడిచి, తలుపు వేసేసుకుంది. నేను కంఠతా పట్టిందంతా వృథా.

ఆ సాయంత్రం తల దువ్వుతుంటే తేజశ్రీయే చెప్పింది.

"తాతకి ఆ గదంటే భయం అమ్మా. నన్ను తోడు రమ్మన్నాడు. నేను ముందు వారమే వస్తానన్నాను, కానీ అక్కడి సంగతులన్నీ చెప్పాకే తీసుకెళ్తానన్నాడు."

"ఏం చెప్పాడు?"

"ఇసక ఎడం పక్క. రంగులు కిటికీ కింద. చిన్న కుర్చీలో కూర్చోకూడదు, అంటుకుపోతుంది. అక్కడ మాట్లాడకపోతే ఎవరూ ఏమీ అనరట. తాత ఒకరోజు అసలు మాట్లాడలేదట, చూద్దామని. ఆవిడ ఏమీ అనలేదట."

సూబ్రాయన్ బాబాయి యాభై నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం అంటే మాటలు కాదు. అంబీ పిన్నికి చెబితే తన పెళ్ళినాటి నుంచి అటువంటి రోజు చూడలేదంది.

తర్వాతి వారాల్లో లోపల ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలియదు. మర్టిల్‌ని అడిగితే అది పాప సొంత విషయమనేది. ఆరో వారం గుడ్డబొమ్మ చెవిలో ఏదో గుసగుసలాడిందని మాత్రం చెప్పింది. తొమ్మిదో వారం బెంచీ మీద కూర్చున్న మాకు లోపలి నుంచి గట్టిగా అరుపు వినిపించింది. తేజశ్రీ ఎవరినో బస్సు దిగిపొమ్మంటోంది, ఇంగ్లీషులో. బాబాయి వెంటనే లేచి కారు అద్దాలు తుడవడానికి వెళ్ళిపోయాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

కానీ బళ్ళో మాత్రం ఇంకా పెదవి విప్పలేదు. మూడో టర్మ్ ఆఖరి వారంలో ప్రిన్సిపాల్ నుంచి పిలుపు వచ్చింది. ఆఫీసులో తేజశ్రీని పక్కన కూర్చోబెట్టుకుని కూర్చున్నాను. బల్ల వెనక వాసీ ఆంటీ ఫైలు మూసి నా వైపు వంగింది. ఇక్కడివాళ్ళు జాలిపడితే షేమ్ అంటారు.

"షేమ్, టీచర్. ఎట్లా ఉంటన్నావు ఆ ఇంట్లో? మీ సూబ్రాయన్ తలకాయ పోయిందట కదా. వీధిలో అందరికీ తెల్సు. ప్రతి శనివారం మెంటల్ లేడీ దగ్గరికి పోయేదట. ఈ పిల్లని తోడు తీసుకుపోయేదట, పాపం."

నాకప్పుడు తట్టింది. రెండు నెలలకు పైగా నా కూతురు ప్రతి శనివారం థెరపిస్టు దగ్గరికి వెళ్ళింది. షాల్‌క్రాస్‌లో ఒక్కరంటే ఒక్కరు ఆ పిల్లకేమైందని అడగలేదు. అడగడానికి ఆయన ఎవరికీ తీరిక ఇవ్వలేదు. పిచ్చి అన్న పేరు ఎవరికో ఒకరికి పడక తప్పదని తెలిసి, దాన్ని కూడా ముందు తనే వెళ్ళి తన నెత్తికెత్తుకుని, గుళ్ళో, బస్టాపులో ఊరేగాడు. నేనేమో ఆయన సరదాకి తిరుగుతున్నాడని దెప్పాను. నా మొహం నాకే చూపించుకోవాలనిపించలేదు.

అప్పుడు పక్కనుంచి, స్పష్టమైన ఇంగ్లీషులో ఒక చిన్న గొంతు వినిపించింది.

"ఆయనకి పిచ్చి లేదు."

వాసీ ఆంటీ చేతిలో పెన్ను బల్ల మీద పడింది. ఆవిడ తేజశ్రీని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ తేజశ్రీని చూసింది.

"మరి ఎందుకు పోయేది, బేబీ?" అంది, సగం గొంతుతో.

"బొమ్మలంటే ఇష్టం. ఇంట్లో అంబీ అవ్వ కొనివ్వదు."

లోపలి గది తలుపు తెరుచుకుంది. ప్రిన్సిపాల్ బయటికొచ్చి మా ముగ్గురినీ చూసి, "ఇప్పుడు మాట్లాడింది ఎవరు?" అని అడిగారు.

తేజశ్రీ చెయ్యి ఎత్తింది.