వీపు దాకా వచ్చిన చెయ్యి

జమ్మికుంట బడిలో మా ఇంగ్లీషు సారు ప్రతి మాటకూ పుట్టుక చెప్పేవారు. "ఎంబ్రేస్ అంటే కౌగిలి. గీ మాటల చేతులున్నయ్‌రా, లాటిన్ల చెయ్యి అనే మాటకెల్లి పుట్టింది." సరిగ్గా జవాబిచ్చినవాడి వీపు తట్టి "షాబాష్" అనేవారు.

ఒకరోజు కెరెస్ అనే మాట పుట్టుక నేనొక్కణ్ణే చెప్పాను. నిమరడం అని అర్థం, లాటిన్‌లో 'ప్రియమైన' అనే మాట నుంచి వచ్చిందని. ఆయన చెయ్యి నా వీపు దాకా వచ్చి ఆగింది. నేను అంటరానివాణ్ణి. "మంచిగ చెప్పినవ్, కూసో" అని సుద్దముక్క అందుకున్నారు.

పదేళ్లకు సుల్తానాబాద్ బస్టాండులో ఆయనే నన్ను గుర్తుపట్టారు. "నువ్వు రాసినయన్ని చదివిన బిడ్డా. గా దినం నేను జేసింది తప్పే" అంటూ నా వీపు మీద చెయ్యి వేశారు.

తాకితే మైలపడే మనిషి లేడని ఏళ్ల తరబడి రాసినవాణ్ణి. బస్సు వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. అయినా దాని బరువు తప్ప నాకేమీ తెలియలేదు.