గాలి నిలిచే కుట్టు

మొన్న ఆదివారం పొద్దున సూర్యాపేటలో మా ఇంట్లో టీ మరుగుతుండగా, కోదాడ నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, విండ్ సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్‌కు తన ఎంట్రీ అయిపోయిందని చెప్పింది. అయిపోవడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. నిన్న సాయంత్రం దాకా దరఖాస్తే మొదలుపెట్టని పిల్ల, నా టీ పొంగేలోపు ఫోనులో నాలుగు చోట్ల వేలు తాకించి, డబ్బు కట్టి, రసీదు కూడా తెచ్చుకుంది. నమ్మనని తెలుసు గనుక ఆ దరఖాస్తును నాకు పంపింది కూడా. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదువుతూ, ఒక గడి దగ్గర ఆగిపోయాను. పొయ్యి మీద టీ మొత్తం పొంగిపోయింది. ఆ గడి సంగతి చెప్పాలంటే ముప్పై అయిదేళ్లు వెనక్కి వెళ్లాలి, మీకు ఓపిక ఉంటే.

ముప్పై ఏళ్లుగా బడిలో ఈల ఊదుతూ పిల్లల్ని పరుగెత్తిస్తున్న నన్ను చూసినవాళ్లెవరూ, ఒకప్పుడు నేను నీళ్ల మీద తేలే పలక మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను రెండు చేతులా పట్టుకుని గాలితో పోటీ పడ్డానంటే నమ్మరు. మా నాన్న వేములపల్లి దగ్గర సాగర్ ఎడమ కాలువ మీద లష్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గండి పడకుండా గట్టు చూసుకోవడం ఆయన పని. నడుముకు బెండు కట్టి నాకు ఈత నేర్పింది కూడా ఆయనే. మళ్లీ నీళ్లంటే భయపడేదీ ఆయనే. ఏటా ఎవరో ఒకరిని ఆ కాలువలోంచి బయటికి తీయాల్సి వచ్చేది కాబట్టి ఆ భయానికి నేనెప్పుడూ నవ్వలేదు.

కాలేజీలో ఉండగా నాగార్జున సాగర్‌లో ఈ ఆట నేర్పే చిన్న శిబిరం ఒకటి పెడితే, ఈత వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడంతో నన్ను చేర్చుకున్నారు. నేర్పే కోచ్ సార్ నౌకాదళంలో పనిచేసి వచ్చిన కోదాడ వైపు మనిషి, మాటలో ఆంధ్ర గాలి కొడుతుండేది. రెండేళ్లు గడిచాక, పట్నంలో హుస్సేన్ సాగర్ మీద జరిగే ఛాంపియన్‌షిప్‌కు నా పేరు పంపుతానన్నారు. నా ఆనందం సరిగ్గా ఒక వారం నిలిచింది. ఆదివారం సాధనలో గాలి విసురుకు రాళ్ల గట్టుకు తగిలి, నా తెరచాప ఈ చివరి నుంచి ఆ చివరకు చిరిగింది. మంచి తెరచాపలన్నీ మగపిల్లల పేర్ల మీద పంచేశారు, నాకు మిగిలింది ఆ పాతదొక్కటే. దరఖాస్తు శుక్రవారం పొద్దున బయలుదేరాలి. తెరచాప లేదంటే ఎంట్రీ లేదు. అప్పుడు నేను ఏడ్చిన ఏడుపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏడుపు ఆపింది మా మేనమామ. మిర్యాలగూడ రైసు మిల్లుల వీధిలో వడ్ల మీద కప్పే పరదాలు కుట్టేవాడు. వానాకాలం వచ్చిందంటే మిల్లుల వాళ్లందరూ ఆయన కొట్టు ముందు వరుస కట్టేవారు, ఎందుకంటే మామ కుట్టిన పరదా కింద వడ్లు తడిసాయన్న మాట ఎవరూ అనలేదు. తెరచాపను చాపలా చుట్టి, బస్సు పైకెక్కించి, పెళ్లి పందిరి గుడ్డా అని అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పుకుంటూ ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మామ దాన్ని కొట్టులో పరిచి, చేత్తో తడిమి, అల్లరిగా నా వంక చూసి, "గింత సన్న గుడ్డతోని గాలి మీదికి పోతవా కోడలా? సరే, రెండు దినాలు ఆగు" అన్నాడు.

బుధవారం వెళ్లి చూస్తే కుట్టు అద్దంలా ఉంది. చిరుగు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. మామ అంతటితో ఆగకుండా, అడగకపోయినా అటూ ఇటూ ఉన్న నాలుగు కుట్లూ విప్పి మళ్లీ కుట్టి, తెరచాపంతా ఒక్క ముడత లేకుండా సాపు చేశాడు. నేల మీద పరిచి గర్వంగా చూపించాడు. ఇల్లు అలకగానే పండగ కాదని నాకు అప్పుడు తోచలేదు, సంతోషంతో ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చేశాను.

ఇక మిగిలింది దరఖాస్తులో నాన్న సంతకం. ప్రమాదం జరిగితే మాదే బాధ్యత అని తండ్రి రాసివ్వాలి. నాన్న ఆ వాక్యం రెండుసార్లు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నువ్వు నీళ్ల మీద నిలబడంగ నా కండ్లతోని సూసినంకనే" అన్నాడు. అలా గురువారం పొద్దున్నే నాన్న, అమ్మ, తన పనితనం చూసుకోవాలని దుకాణం మూసేసి వచ్చిన మామ, నేను, నలుగురం సాగర్ ఒడ్డున దిగాం.

తెరచాప బిగించి నీళ్లలోకి దిగాను. గాలి ఉంది. పక్కన మగపిల్లల పలకలు చేపల్లా జారిపోతున్నాయి. నా పలక మాత్రం కదలలేదు. గాలి తెరచాపకు తగిలి, పక్కకు జారిపోయి, దాన్ని టపటపా కొట్టి వదిలేస్తోంది. మూడుసార్లు పడ్డాను. మూడోసారి పైకి తేలినప్పుడు ఒడ్డున నాన్న మోకాళ్ల దాకా నీళ్లలోకి వచ్చేసి కనిపించాడు. కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది.

ఒడ్డుకు వచ్చాక కోచ్ సార్ తెరచాపను ఎండకు అడ్డంగా పట్టి చూసి, తల కొట్టుకున్నారు. "తెరచాపకి పొట్ట ఉండాలయ్యా. పొట్ట తీసేస్తే గాలెక్కడ నిలబడుద్ది?" అన్నారు. మామ ముఖం మాడిపోయింది. పరదా కుట్టేవాడికి గుంట అంటే పగ. గుంట పడిన చోట వాన నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిచిన చోట గుడ్డ చివికి కింద వడ్లు మొలకలెత్తుతాయి. అందుకే ఏ గుడ్డలో వంపు కనిపించినా సాపు చేయడం ఆయన చేతికి అలవాటైపోయింది. "సుక్క నీళ్లు నిల్వద్దనే గట్ల జేసిన బిడ్డా," అన్నాడు. ఆ నిమిషంలో నాకు మామ మీద ఎంత కోపం వచ్చిందంటే, పిల్ల వచ్చి గుడ్డును వెక్కిరించినట్టు, నిన్నెవరు ముట్టుకోమన్నారని అందరి ముందు అనేశాను. అమ్మ నన్ను కసిరింది. ఆ మాట ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపిస్తుంది.

ఎంత గుడ్డ కత్తిరించేశావని కోచ్ సార్ అడిగారు. కత్తెర పెట్టి ఉంటే కథ అక్కడితో ఖతం. మామ అప్పుడు తలెత్తి, పరువుకు భంగం కలిగినట్టు చూశాడు. రేపు మిల్లువాడు పరదా పెద్దది చేయమంటే గుడ్డ ఉండాలి కదా, అందుకని ఆయన జన్మలో గుడ్డకు కత్తెర పెట్టలేదు, మిగిలిందంతా కుట్టు లోపలికి మడిచి దాచేవాడు. మా తెరచాప పొట్ట కూడా అలా మడతల్లోనే భద్రంగా ఉంది.

సూది, దారం, మైనం లేకుండా ఆయన గడప దాటడు. తుమ్మచెట్టు నీడన కూర్చుని, జీవితంలో తాను వేసిన అతి చక్కని కుట్టును బ్లేడుతో తానే విప్పాడు. మడతలు విచ్చుకున్నాక, మొదట తయారు చేసినవాళ్ల పాత సూదిరంధ్రాలు వంపు తిరిగి సన్నగా కనిపించాయి. దబ్బనం పక్కన పడేసి, చొక్కా కాలరులో గుచ్చుకున్న సన్న సూది తీసి, ఒక్కో రంధ్రంలోంచి చేత్తో కుట్టుకుంటూ పోయాడు. నాన్న ఒక కొస, నేను ఒక కొస లాగి పట్టుకున్నాం, అమ్మ దారానికి మైనం రాసి అందించింది. కసిరించుకున్నందుకో, తప్పు తెలిసినందుకో, మధ్యాహ్నం సద్ది ముద్దలు నేనే కలిపి మామ నోట్లో పెట్టాను. ఆయన చేతులు ఖాళీగా లేవు మరి.

సాయంత్రం గాలికి మళ్లీ దిగాను. తెరచాప ఒక్కసారి నిండు గర్భిణిలా ఉబ్బింది, పలక కాళ్ల కింద బతికినట్టు కదిలింది. ఒడ్డు నుంచి మామ అరుపు వినిపించింది. "నిలిసింది బావా, గాలి నిలిసింది!" తిరిగి వచ్చేసరికి నాన్న నా పలకనే బల్లగా చేసుకుని, తడి చేత్తోనే సంతకం పెడుతున్నాడు. సంతకం కింద ఇంకో గడి ఖాళీగా ఉంది. తెరచాప తయారు చేసినది ఎవరు అని. ఏదో విదేశీ కంపెనీ పేరు రాయమన్నారు కోచ్ సార్. నేను మామ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. సార్ చూసి కొట్టేయలేదు.

మామకు చదువు రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. ఆయన కుట్టిన పరదాల మీద మిల్లుల పేర్లు మూరెడేసి అక్షరాలతో ఉండేవి, కుట్టినవాడి పేరు ఏ పరదా మీదా ఉండేది కాదు.

ఆ పోటీలో నాకు పతకం రాలేదు, చివరి నుంచి లెక్కపెడితే త్వరగా దొరుకుతాను. మామ మాత్రం పోయేదాకా, వచ్చిన ప్రతి మిల్లువాడికీ తన పేరు పట్నం ఆఫీసులో ఉందని చెప్పుకున్నాడు. ఇప్పుడు చిరిగిన తెరచాపను ఎవరూ కుట్టించరట, కొత్తది తెప్పించుకుంటారట. మంచిదే, పిల్లలకు ఏడుపు తప్పింది. కానీ మా మేనకోడలి దరఖాస్తులో ఆ గడి ఇంకా ఉంది. అందులో కంపెనీ పేరు దానంతటదే పడిపోయిందని చెప్పింది పిల్ల. ఫోను మీద ఆ పేరున్న చోట వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాను. అద్దం నున్నగా, ఒక్క ముడత లేకుండా సాపుగా ఉంది. వేలికి ఏమీ తగల్లేదు.