వాసన లేని మెట్లు

రంగులు చల్లే పనిశాలలో గడిచిన యౌవనం మా అన్నగారికి మిగిల్చినది ఘాటు తగిలితే చాలు ముడుచుకుపోయే ఊపిరి. అందుచేత మా వదిన ఇంట్లోకి ఫినాయిలు రానిచ్చేది కాదు. పిండేసిన నిమ్మతొక్కలను గాజుసీసాలో కుక్కి, మునిగేదాకా వెనిగర్ పోసి, అది పసుపెక్కిన తరువాత గుడ్డలో వడగట్టి, నీళ్ళు కలిపి గచ్చు తుడిచేది. జిడ్డు గిన్నెలకు వంటసోడా, కుళాయి మరకలకు పాత నిమ్మచెక్క. "నునుపురాతి మీద మాత్రం ఈ నీళ్ళు పోయొద్దు, మెరుపు తినేస్తాయి" అని అడిగినవారికీ అడగనివారికీ చెప్పేది. ఆరిన తరువాత ఆ గచ్చుకు ఏ వాసనా ఉండేది కాదు.

అయితే ఇల్లు ఆమెది గాని, మెట్లు అందరివీ. ప్రతి ఉదయమూ మెట్లు తుడిచే మనిషి ఫినాయిలు బకెట్టుతో దిగివస్తుంటే, ఆ ఘాటు తలుపు సందున దూరి అన్నగారిని మంచం మీద లేపి కూర్చోబెట్టేది. వదిన గడపకు తడిగుడ్డ కుక్కి ఆయన వీపు నిమిరేది. చివరకు విసిగి, ఆ మేడలోని గడపలన్నీ ఎక్కి దిగి, మెట్లకు తన నీళ్ళే వాడేట్లు అందరినీ ఒప్పించింది.

అన్నగారు ఉదయాన తేలికగా ఊపిరి పీల్చసాగారు. పై అంతస్తు కుట్టుమాస్టారికి మాత్రం ఊపిరాడలేదు.

"ఏమ్మా, ఇవాళ మెట్లకు సెలవా?"

"ఇప్పుడే తుడిచాను బాబూ. తడి చూడండి."

"తడి సరే, వాసనేదీ? నీళ్ళు చిలకరించి పోయేదానికి నువ్వెందుకు, వాన చాలదూ?"

వదిన ఉండబట్టలేక బయటికి వచ్చింది. "అన్నయ్యగారూ, వాసన మురికికుంటుంది గానీ శుభ్రానికుంటుందా?"

"ఉప్పులేని కూర పెట్టి రుచి చూడమంటే ఎట్లా చెల్లెమ్మా?"

వదిన తెల్లని చేతిరుమాలుతో మెట్టును గట్టిగా రుద్ది ఆయనకు అందించింది. మరక లేదు. ఆయన దానిని చూడనైనా చూడక ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఊహూఁ. ఏమీ లేదు."

ఆయనను చూసి మిగతావారూ అందుకున్నారు. పనిదొంగ అనిపించుకోలేక, మెట్లు తుడిచే మనిషి ఒక ఉదయం మా వాకిట్లోనే బకెట్టు పెట్టి, వదిన ఇచ్చిన నీళ్ళలో గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ కలిపింది. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందని ఆమెకు తెలియదు. నునుపురాతి సంగతి ఊరందరికీ చెప్పిన వదినకు, ఈ సంగతి ఆమెకు చెప్పాలని తోచనేలేదు.

ఆమె దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ వీధిలోకి పరుగెత్తింది. మేము అన్నగారిని వెనుక వరండాలోకి మోసుకుపోయాము. వైద్యుడు వచ్చి మందు పీల్పించేదాకా ఆయన పెదవులు నీలంగానే ఉన్నాయి.

"చెప్తే విన్నారా? ఆ తొక్కల నీళ్ళు ఎంత పని చేశాయో!" అన్నారు కుట్టుమాస్టారు.

"అందులో బ్లీచింగ్ పడేదాకా అవేం చేశాయండీ?"

"బ్లీచింగ్ మేం ఎప్పట్నుంచో వాడుతున్నాం తల్లీ. కొత్తగా వచ్చింది మీ నీళ్ళేగా!"

చెవిటివాని ముందు శంఖం ఊదీ ఊదీ వదిన గొంతు పోయింది. మెట్లకు మళ్ళీ ఫినాయిలు వచ్చింది.

మెట్లు తుడిచే మనిషి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నావల్లే కదమ్మా అయ్యగారికి..."

"కలిపే ముందు నన్నో మాట అడగొద్దుటే?"

"అడిగితే మళ్ళీ మొదట్నుంచీ చెప్తారని భయమేసిందమ్మా."

వదినకు కోపం వచ్చింది.

ఆ మరునాటినుంచి మెట్లు తుడిచే మనిషి మెట్ల కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫినాయిలు పై అంతస్తులోనే నాలుగు చుక్కలు చల్లి, అక్కడినుంచి కిందికంతా ఉత్త నీళ్ళతో తుడిచేది. అట్లా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు కుట్టుమాస్టారు మా వాకిట్లో ఆగి గాలి పీల్చి చూశారు.

"చెల్లెమ్మా, ఆ మనిషి మీ వాకిలి తుడవకుండానే దిగిపోతోంది, గమనించారా? కాస్త గట్టిగా అడగండి."

వదిన నాలుక చివరిదాకా ఏదో వచ్చింది. లోపల అన్నగారు వెల్లకిలా పడుకుని, దగ్గకుండా, పత్రిక చదువుకుంటున్నారు. కింది మెట్టు మీద ఆ మనిషి తలెత్తకుండా గుడ్డ పిండుతోంది.

"అవునన్నయ్యగారూ, ఒట్టి బద్ధకపు మనిషి" అంది వదిన, పళ్ళ బిగువున.

అని లోపలికి వచ్చి తలుపు వేసుకుంది. ఆ చప్పుడు మేడంతా వినబడింది.