శివరాత్రి నాటి అన్నం

కుట్టు మిషన్ ముందు కూర్చున్నదాన్ని అప్పటికి మూడుసార్లు లేచాను. ఆ రోజు శివరాత్రి. కోటప్పకొండకు పోయే ప్రభల మైకులతో మా నరసరావుపేట రోడ్డంతా హోరెత్తిపోతోంది. ఊరంతా ఉపవాసం. మా పొయ్యి మీద మాత్రం అన్నం ఉడుకుతోంది. పన్నెండున్నరకల్లా నా కూతురి ముందు కంచం పెట్టాలి. పెట్టడం వరకే నా చేతిలో ఉంది. ఈ పూట తప్పిందంటే మళ్ళీ మొదటికొస్తుందేమోనని నాకు కాలు నిలవడం లేదు.

అసలు సంగతి చెప్పాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. నేను జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. మనిషిని చూసి, టేపు పెట్టకుండానే కొలత చెప్తానని నాకు పేరు. అలాంటిదాన్ని, ఇంటర్ చదివే కూతురి డ్రెస్సులు ఒక్క ఏడాదిలో మూడుసార్లు లోపలికి పట్టి కుట్టాను. మూడుసార్లూ మురిసిపోయాను. అంతకుముందు ఏడాది దాని నడుముకి టేపు చుట్టి, ఇద్దరు కస్టమర్ల ముందే, "ఏమే, గుడ్డ చాలట్లేదే! కాస్త నోరు కట్టుకో" అన్నది నేనే. అందరం నవ్వాం. అదీ నవ్వింది.

ఆ తర్వాత అది నాతోపాటు సోమవారాలు పట్టింది. పెళ్ళయిన ఏడేళ్ళకి, కొండ మీది కోటయ్య స్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్ల. అప్పట్నుంచీ దాని క్షేమం కోరి నేను సోమవారం ఉపవాసం ఉంటున్నాను. తల్లి బాటలో నడుస్తోందని పొంగిపోయాను. సోమవారానికి గురువారం తోడైంది. ఆపైన శనివారం, ఏకాదశి. మిగతా రోజుల్లో అడిగితే "కాలేజీలో తిన్నా" అనేది. వీధి చివర ఉండే పిన్నిగారు మాకు చుట్టమేం కాదు, వరస కలుపుకున్నాం. ఆవిడ వచ్చినప్పుడల్లా "పిల్లకి చానా భక్తే! నీ కడుపు చల్లగుండ" అనేది. ఆ మాటకి నేను ఇంత లావు ఉబ్బేదాన్ని.

రోళ్ళు పగిలే ఎండల్లో అది స్వెట్టర్ వేసుకుంటే చలిజ్వరమేమో అన్నాను. దువ్వెన నిండా జుట్టు వస్తే బోరు నీళ్ళన్నాను. నెలసరి ఆగిపోతే పరీక్షల టెన్షనన్నాను. వాళ్ళ నాన్నకి పెసరట్లు పోసి కొసరి కొసరి తినిపించేది, తను మాత్రం ముక్క ముట్టుకునేది కాదు. పనిమంతురాలయిందని అదీ చెప్పుకు తిరిగాను. నా మొహానికి కళ్ళెందుకో!

ఒక శనివారం దేవుడి ముందు దీపం పెడుతూ పడిపోయింది. ఒక్కదాన్నే ఎత్తి మంచం మీద వేశాను. అంత తేలిగ్గా ఎత్తగలిగినందుకు నాకు ఒళ్ళు చల్లబడింది. మా అత్తగారు దిష్టి అంది. మా ఆయన, "రెండు తగిలిస్తే అదే తింటది" అన్నాడు. ఇక్కడి లేడీ డాక్టర్ రక్తం, గుండె పరీక్షలు చేయించి, గుంటూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి పంపింది.

"పిచ్చి డాక్టర్ దగ్గరికా? మా పిల్లకేంది?" అని అక్కడా నోరు పారేసుకున్నాను.

నాకంటే చిన్నదే ఆ డాక్టరమ్మ. ఓపిగ్గా చెప్పింది. "అమ్మా, ఇది పొగరు కాదు, భక్తీ కాదు. జబ్బు. లావైపోతానన్న భయం పాపని పట్టుకుంది. తినకూడదని మొండికెయ్యట్లేదు, తినలేకపోతోంది."

"నేనన్న మాట వల్లేనా?"

"ఒక్క మాటతో వచ్చేది కాదు. ఇప్పుడు కారణం వెతుక్కుంటూ కూర్చోకండి. ముందు అన్నమే మందు."

వేళకి పెట్టాలి. పక్కన కూర్చుని అదే అన్నం మేమూ తినాలి. అరవకూడదు, ఒంటి మాట ఎత్తకూడదు. వారం వారం పరీక్షకి రావాలి, పాపతో తను విడిగా మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరూ ఉపవాసం ఉండొద్దు. గుండె బలహీనపడింది, ఇంకా దిగజారితే ఆస్పత్రిలో చేర్చాల్సిందే అని కూడా చెప్పింది.

చెప్పినంత తేలికా? ఒక్క చపాతీకి గంట పట్టేది. ఒకసారి కంచం విసిరికొట్టి, "నన్ను చంపుతున్నావ్" అని ఏడ్చింది. నేను పెరట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాలుగు నెలలకి మొహంలో కాస్త కళ వచ్చింది. చేతులు వెచ్చబడ్డాయి. నాకు మాత్రం కుదురు లేదు. అది బాత్రూంలో రెండు నిమిషాలు ఎక్కువుంటే తలుపు దగ్గర నిలబడేదాన్ని.

అలా శివరాత్రి వచ్చింది. పన్నెండున్నరకి రెండు కంచాల్లో అన్నం, ముద్దపప్పు వడ్డించాను. అది చెయ్యి పెట్టలేదు. నా వైపే చూసింది.

"నువ్వు తినమ్మా ముందు."

"తింటాగా, నువ్వు కానీ."

"సోమవారాలు నువ్వు తినట్లేదు. కలిపి కలిపి పక్కకి నెడతావ్. నేను లేవగానే పారబోస్తావ్. నాకు తెలీదా? నేనూ అట్నే చేశాను కదమ్మా."

నిజమే. మొక్కు తప్పితే పిల్లకేమన్నా అవుతుందని భయం. డాక్టరమ్మకి సరే అన్నాను, పిల్లకి తింటున్నానన్నాను, దొంగతనంగా ఉపవాసం ఉన్నాను. దాని ప్రాణం కోసమని దాన్నే మోసం చేశాను.

ముద్ద కలిపాను. స్వామీ, నువ్విచ్చిన పిల్లే కదా, నీకు తెలీదా అనుకుని నోట్లో పెట్టుకున్నాను. నన్ను చూసి అదీ ఒక ముద్ద తింది. సరిగ్గా అప్పుడే పిన్నిగారు విభూతి పొట్లంతో లోపలికి వచ్చింది.

"ఏందే ఇది? శివరాత్రి పూట అన్నమా! తల్లీకూతుళ్ళిద్దరూనా!"

నా కూతురి చెయ్యి ఆగిపోయింది.

"అవును పిన్నీ," అన్నాను, "దీనికి ఒంట్లో బాలేదు. తిండి తినలేని జబ్బు. గుంటూరులో చూపిస్తున్నాం. నేను తింటేనే అది తింటది."

జబ్బని బయటి మనిషితో అనడం అదే మొదటిసారి. పిన్నిగారు పొట్లం గూట్లో పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుందని నాకు తెలుసు. నేను గుమ్మం వైపే చూస్తూ కూర్చుండిపోయాను.

"అమ్మా," అంది నా కూతురు. ఇన్నాళ్ళూ నేను దానికి చెప్పిన మాటే, నా గొంతుతోనే. "నీ కంచంలో ఇంకా ఉంది."

ఇద్దరం తిన్నాం.