డెర్బీ టెన్నంట్ గీసిన గీతలు

ఐవీ బార్లో గీతలు గీసే రోజున ఆ ఇంట్లో రొట్టె కాల్చరు. పిండి గాలిలో లేచి తడి రంగు మీద వాలుతుంది. ఆ రోజు ఆమె ఉన్ని స్వెట్టర్ కూడా తొడగదు, నూగు రాలుతుందని. వంటింటి నేల మీద నీళ్లు చిలకరించి, కిటికీ మూసి, పిల్లిని పెరట్లోకి తోలి, అప్పుడు బల్ల ముందు కూర్చుంటుంది. భర్త హ్యూబర్ట్ ఆ పూట నిన్నటి చల్లటి మాంసం, ఊరబెట్టిన ఉల్లిపాయలు తిని ఊరుకుంటాడు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

థార్న్‌లీలో బతుకంతా రైలింజన్ల కార్ఖానా చుట్టూ తిరుగుతుంది. పగలంతా పెద్ద ఇంజన్లతో కుస్తీపట్టిన మగవాళ్లు సాయంత్రం టీ తాగి, పెరటి షెడ్డులోకి పోయి చిన్న ఇంజన్లు చేస్తారు. అవీ ఇప్పటివి కావు. విక్టోరియా రాణి కాలంలో వాళ్ల తాతలు బొగ్గేసి నడిపినవి. రాగి టోపీ పెట్టుకున్న పొడుగాటి పొగగొట్టాలు, బండికి ఒకటే జతగా మనిషెత్తు చక్రాలు. అసలు ఇంజన్‌కి ఎక్కడ రివెట్ ఉందో బొమ్మకీ అక్కడే ఉండాలి. లేకపోతే ఈ బొమ్మ ఇంజన్ల వాళ్లు పెట్టుకున్న క్లబ్బులో ఎవడో ఒకడు వేలు పెట్టి చూపిస్తాడు, ఆ మాట చేసినవాణ్ణి చావు దాకా వెంటాడుతుంది.

హ్యూబర్ట్ కార్ఖానాలో ఫిట్టరు. ఇత్తడి, ఉక్కు ఆయన మాట వింటాయి. ఉత్తర మెర్సియా రైల్వే వారి పాత ఎక్స్‌ప్రెస్ ఇంజన్‌ని మూర పొడవున చేశాడు. దాని వెనక తగిలించడానికి ఆరు పెట్టెలు మొదలుపెట్టాడు. చెక్క, ఇత్తడి వరకు వాటికి వంక పెట్టలేరు. కుంచె చేతికిస్తే మాత్రం బూట్లకి పాలిష్ పట్టించినట్టు ఉంటుందని ఐవీ అనేది.

ఆ కాలపు పెట్టెలంటే సగం అందం రంగులోనే ఉంది. కింద చాక్లెట్ రంగు, పైన మీగడ రంగు. ప్రతి తలుపుకీ, ప్రతి పలకకీ చుట్టూ బంగారు గీత, దాన్ని ఆనుకుని వెంట్రుకంత ఎర్ర గీత. బొమ్మ మీద ఆ గీత వేయడానికి చెయ్యి వణక్కుండా ఉంటే చాలదు. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో తెలియాలి. ఐవీకి అది పుట్టింట్లో అబ్బింది. ఆమె తండ్రి జోబ్ టెన్నంట్ డెర్బీ ఊళ్లో రైలు పెట్టెల కార్ఖానాలో గీతల పని చేసేవాడు. కొడుకులు లేరు. పనిలేని ఆదివారాల్లో కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పాత తలుపు మీద గీయించేవాడు. "మూల ముందు తిప్పు, గీత తర్వాత లాగు" అనేవాడు. అందరూ ముందు తిన్నటి గీతలు లాగి, తర్వాత మూలల్లో కలపబోయి ముద్ద చేస్తారు. మూల ముందే తిప్పి పెట్టుకుంటే గీత వచ్చి దాని మీద వాలి ఆగుతుంది. ఐవీ పెళ్లికి ముందటి చలికాలంలో ఆయన పోయాడు. కుంచెలు ఆమెతో థార్న్‌లీ వచ్చాయి.

క్లబ్బులో ఆడవాళ్లకి సభ్యత్వం లేదు. టీ ఉంది. ఏటా అక్టోబరులో కవాతు హాల్లో ప్రదర్శన పెడతారు. మగవాళ్లు బొమ్మల పక్కన నిలబడతారు, వాళ్ల పెళ్లాలు టీ డ్రమ్ము పక్కన. ఒక్కచేతి పనికి, అంటే ఇంకొకరి సాయం లేకుండా ఒక్కరే చేసిన బొమ్మకి, వెండి కప్పు ఇస్తారు. ఆ కప్పు తరచుగా బార్లో ఇంటికే వచ్చేది. దాన్ని తోమేదీ ఐవీయే. బొమ్మ ముందుండే కార్డు మీద ప్రతిసారీ ఒకే మాట: హెచ్. బార్లో నిర్మించినది.

ఐదో పెట్టె పూర్తయిన ఏడు ఐవీ అడిగింది. అప్పటిదాకా ఎప్పుడూ అడగలేదు.

"ఈసారి కార్డు మీద నా పేరు కూడా వెయ్యి."

హ్యూబర్ట్ పేపరు దించలేదు. "వాళ్లేమంటారో తెలుసా? బార్లో పెళ్లాంతో రంగులేయిస్తున్నాడంటారు."

"వేయిస్తున్నావుగా."

"ఒక్కచేతి పని అని రాసిచ్చాక ఎలా కుదురుతుంది ఐవీ? కప్పు పోతుంది."

"ఉన్న కప్పులు తోమలేక చస్తున్నాను. పోతే పోనీ."

ఆయన నవ్వాడు. కాసేపటికి పేపరు మడిచి, "సరే. కార్డు మార్చడమెందుకు, నేనే నోటితో చెప్తాను. జడ్జీ వచ్చినప్పుడు సమయం చూసి చెప్తాను. సరేనా?" అన్నాడు.

ఐవీ సరే అంది. ఆ వారం కొత్త జాకెట్ కుట్టుకుంది. ఎందుకని ఆయన అడగలేదు.

ఆ ఏడు జడ్జీ కొత్తాయన. పోలార్డ్ అని, పెట్టెల డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. పాత జడ్జీలు రివెట్లు లెక్కపెట్టి, చక్రాలు తిప్పి చూసి వెళ్లిపోయేవాళ్లు. ఈయన జేబులోంచి భూతద్దం తీసి పెట్టెల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"గీతలు చాలా బావున్నాయి మిస్టర్ బార్లో. ఇలాంటి చెయ్యి అసలు పెట్టెల మీద చూశాను తప్ప బొమ్మల మీద చూళ్లేదు."

"ఏదో, తీరిక ఉన్నప్పుడు" అన్నాడు హ్యూబర్ట్.

ఐవీ అప్పుడే జడ్జీలకి టీ కప్పుల పళ్లెం పట్టుకుని వచ్చింది. సమయం చూసి చెప్తానన్నాడు కదా. ఇంతకన్నా మంచి సమయం ఏముంటుందని ఆగింది.

"ఒక మాట చెప్పండి. ముందు తిన్నటి గీతలు లాగుతారా, మూలలు తిప్పుతారా?" పోలార్డ్ మాటల్లో పరీక్షేమీ లేదు. పని తెలిసినవాడు పని తెలిసినవాణ్ణి అడిగినట్టే అడిగాడు.

"తిన్నటి గీతలే ముందు. రెండు కొసలు ఉంటేనే కదండీ కలిపేది."

పోలార్డ్ మళ్లీ అద్దం పెట్టాడు. ఒక తలుపు చూశాడు. పక్క తలుపు చూశాడు. తర్వాతి పెట్టెకి జరిగాడు. లేచి నిలబడేసరికి ఆయన ముఖంలో ఇందాకటి ఉత్సాహం లేదు.

"మీరన్నట్టయితే మూలలో వేసిన రంగు గీత మీదికి ఎక్కి ఉండాలి. ఇక్కడ గీత మూల మీదికి ఎక్కింది. ప్రతి తలుపుకీ అంతే."

క్లబ్బు సెక్రటరీ గోర్మన్ స్నేహితుణ్ణి ఆదుకోబోయాడు. "మర్చిపోయి ఉంటాడు లెండి. మా వాడు పొద్దున ఏం తిన్నాడో కూడా గుర్తుండదు."

"తిన్నది మర్చిపోవచ్చు. ఇన్ని తలుపులు గీసినవాడు ఇది మర్చిపోడు" అన్నాడు పోలార్డ్. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరు గీశారో చెప్పండి, చాలు. కార్డు మార్చి ఉమ్మడి పనుల్లో పెడదాం. కప్పు రాదు, అంతే. ఇందులో పరువు తక్కువేం లేదు" అన్నాడు.

చుట్టూ నాలుగు తలలు చేరాయి. హ్యూబర్ట్ మెడ ఎర్రబడింది. చూపు ఎత్తి ఐవీని చూశాడు. ఆమె చేతిలో పళ్లెం, పళ్లెంలో కప్పులు, ఒంటి మీద కొత్త జాకెట్. చూపు తిప్పుకున్నాడు.

"డెర్బీలో ఒకాయన" అన్నాడు. "టెన్నంట్ అని. పాత కార్ఖానా మనిషి."

"అదీ సంగతి" అన్నాడు పోలార్డ్. ఆయన ముఖం మళ్లీ వెలిగింది. "నేననుకున్నాను, కార్ఖానాలో నలిగిన చెయ్యేనని. మిస్టర్ టెన్నంట్, డెర్బీ. రాసుకో గోర్మన్."

"భలేవాణ్ణి పట్టావురా" అన్నాడు ఎవరో హ్యూబర్ట్ భుజం తట్టి. ఇంకెవరో ఐవీ పళ్లెంలోంచి కప్పు తీసుకుని, "పంచదార వేశావా అమ్మా?" అని అడిగారు. వేశానంది.

టీ డ్రమ్ము దగ్గర సెక్రటరీ భార్య ఎల్సీ గోర్మన్ అంతా విన్నది. ఆ గీతలు ఎవరివో హాల్లో తెలిసిన మూడో మనిషి ఆవిడే.

"టెన్నంట్ అంటే మీ నాన్న కదే?"

"ఆ."

"ఆయన పోయాడుగా."

"పోయినా డ్యూటీ దిగలేదు పాపం" అంది ఐవీ, కప్పులు నీళ్లలో ముంచుతూ.

ఇంటికి నడిచి వెళ్తుంటే హ్యూబర్టే ముందు మాట్లాడాడు. "ఒక రకంగా నీ పేరే చెప్పాను కదా."

"ముందు మిస్టర్ ఎందుకొచ్చింది?"

"అది నేననలేదు. పోలార్డ్ అన్నాడు."

"కాదనలేదుగా నువ్వు."

ఇంటి తలుపు వచ్చింది. తాళం తీస్తూ, "చూడు, బయట పని చేయించాడంటే ఎవరూ నవ్వరు. పెళ్లాం చేసిందంటే జన్మంతా నవ్వుతారు. వాళ్లని ఎరగవా నువ్వు?" అన్నాడు.

"వాళ్లని ఎరుగుదును" అంది ఐవీ.

కప్పు ఎలాగూ పోయింది. ఆమె పేరు చెప్పి పోగొట్టుకున్నా అదే కప్పు. ఆ లెక్క ఆయనకి తట్టిందో లేదో ఐవీ ఎప్పుడూ అడగలేదు.

వసంతానికి ఆరో పెట్టె తయారైంది. అది చివర తగిలించే గార్డు పెట్టె. హ్యూబర్ట్ దానికి బూడిద రంగు పూత వేసి, ఆరబెట్టి, వంటింటి బల్ల మీద ఆమె కుంచెల పక్కన పెట్టాడు.

"ఐవీ, గార్డు పెట్టె రెడీ."

"డెర్బీకి పంపు."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి నవ్వు మధ్యలో మానేశాడు. ఆ రోజు ఐవీ రొట్టె కాల్చింది. మర్నాడూ కాల్చింది. కుంచెలు కడిగి, నూనె రాసి, తండ్రి పెట్టెలో పెట్టి బీరువా పైకి ఎక్కించింది. పిల్లి ఇంట్లోనే పడుకుంది.

హ్యూబర్ట్ ఒకసారి తనే గీయబోయాడు. షెడ్డులో తలుపేసుకుని గీసి, టర్పెంటైన్‌తో తుడిచి, మళ్లీ గీసి, మళ్లీ తుడిచాడు. ఆమెకి వాసన తెలుస్తూనే ఉంది. మూల ముందు అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆయనా అడగలేదు. పెట్టె బూడిద రంగులోనే ఉండిపోయింది. వాళ్లిద్దరూ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర భోంచేశారు, వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, సెలవులకి సముద్రం ఒడ్డుకి వెళ్లి వచ్చారు.

హ్యూబర్ట్ షెడ్డులోనే కూలిపోయాడు. అంత్యక్రియలయ్యాక క్లబ్బు వాళ్లు రైలుని అడిగారు. ఊరి లైబ్రరీలో గాజు బీరువాలో పెడతారట. ఐవీ ఇచ్చేసింది. కార్డు అచ్చు వేయించే ముందు ఒకసారి చూపించి పోదామని పోలార్డ్ స్వయంగా వచ్చాడు. ముసలివాడయ్యాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు.

కార్డు మీద ఇలా ఉంది: ఇంజన్, పెట్టెలు హెచ్. బార్లో. గీతలు డెర్బీకి చెందిన మిస్టర్ టెన్నంట్.

"అంతా సరిగ్గా ఉందామ్మా?"

ఐవీ కళ్లజోడు పెట్టుకుని చదివింది. చెప్తే ఈయన నమ్ముతాడు. భూతద్దం పట్టుకున్న మనిషి. బీరువా మీంచి కుంచెలు దించి ఒక్క మూల తిప్పి చూపిస్తే మరు మాట లేకుండా కార్డు మారుస్తాడు. కానీ ఆమె ఆ మాట వినాలనుకున్నది ఈయన నోట కాదు.

"సరిగ్గానే ఉంది" అంది.

"ఆ గార్డు పెట్టె ఒక్కటే వెలితి. బూడిద రంగులో అలా నిలబడితే చూడ్డానికి బాధగా ఉంటుంది. టెన్నంట్ గారి చిరునామా మీ దగ్గరుందా? నేను రాసి చూస్తాను."

"ఆయన పని మానేశాడండీ."

"అయ్యో. చెయ్యి పడిపోయిందా?"

"లేదు. చెయ్యి బాగానే ఉంది."

పోలార్డ్ ఇంకేదో అడగబోయాడు. రొట్టె మాడుతోందని చెప్పి ఐవీ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.