రఫీక్ సార్ కరెంటు లేని కంప్యూటర్

ఆఫీసులో కరెంటు పోయి యూపీఎస్ కుయ్యోమన్నప్పుడల్లా అందరూ చేస్తున్న పని సేవ్ చేసుకుంటారు. నాకు మాత్రం ముక్కుపుటాల్లో ఊదుబత్తి వాసన గుప్పుమంటుంది. సిరిసిల్లలో రఫీక్ సార్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాసన అది. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాలి. దుమ్ము పడితే కంప్యూటర్‌కు జలుబు చేస్తుందని సార్ నమ్మకం. ఉన్నవి మూడు. వాటికి కప్పిన ముసుగులు మా ఊరి పెళ్లికూతుళ్లకు కూడా ఉండేవి కావు. విద్యార్థులం ఓ నాలుగు వేలమందిమి ఉండేవాళ్లం. సార్ రిజిస్టరులో పదకొండు పేర్లే ఉండేవనుకోండి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. కరెంటు ఉన్ననాడు బంద్, బంద్ లేనినాడు కరెంటు లేదు. "కరెంటు కంప్యూటర్‌కు గావాలె, ప్రోగ్రాంకు ఎందుకు భాయ్? మనుషులు లేరా?" అనేవాడు సార్. మేము కాగితం మీద రాసిన ప్రోగ్రాంను ఆయన ఒక్కో వరుస చదువుతుంటే, మాలో ఒకరు లేచి అందులో ఉన్నట్టే చేయాలి. సొంత తెలివి వాడినవాణ్ని బయటికి పంపేవాడు. నాకెప్పుడూ ఆ ప్రమాదం రాలేదు.

మా బాపు లస్మయ్య సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆ చప్పుడుకు అలవాటుపడి ఆయన ఇంట్లో గుసగుసలాడినా కోరుట్లలో వినపడేది. "ఈ కంప్యూటర్ పరీక్ష తప్పినవనుకో, తెల్లారి నుంచి నాతోని సాంచాల కాడికే" అని నాకు తేల్చి చెప్పేశాడు.

పరీక్షనాడు బంద్, పైగా కరెంటూ లేదు. అయినా జగిత్యాల నుంచి పరీక్ష పెట్టే మేడం స్కూటీ మీద వచ్చేసింది. ఫలితం వినగానే నన్ను పట్టుకుపోవడానికి బాపు కూడా వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. నేను రాసింది కుర్చీ చుట్టూ పది చుట్లు తిరిగి ఆగే ప్రోగ్రాం.

"లస్మయ్యన్నా, జర నువ్వు తిరుగు" అన్నాడు సార్, చుట్ల లెక్కకని ఒకటి అంకె వేసిన పలక బాపు చేతిలో పెట్టి.

"నాకేమొస్తది సారూ కంప్యూటరు?"

"నువ్వే కంప్యూటర్. నేను చదివింది చెయ్, అంతే."

బాపు ఒక చుట్టు తిరిగి, పలక చూసి "ఒకటి" అని అరిచాడు. ఇంకో చుట్టు తిరిగి మళ్లీ "ఒకటి" అన్నాడు. మూడో చుట్టుకూ ఒకటే. అటుగా పోతున్న ర్యాలీ వాళ్లు ఇదేదో కొత్తరకం నిరసన అనుకుని, "జై తెలంగాణ" అంటూ ఆయన వెనక చేరిపోయారు. కాసేపటికి సగం సిరిసిల్ల ఆ కుర్చీ చుట్టే తిరిగింది.

చివరికి బాపు ఆగి, తువ్వాలతో చెమట తుడుచుకున్నాడు. "అరేయ్, చుట్టు చుట్టుకు లెక్క పెంచుమని ఏడ రాసినవ్‌రా? పలక మీద ఒకటి ఒకటే ఉండె. గిట్లయితే నేను సచ్చేదాక తిరగాల్నా?"

సార్ మొహం వెలిగిపోయింది. "తప్పు దొరికింది మేడం! పట్టింది అన్న. మార్కులు అన్నకెయ్యుండ్రి!"

మేడం నిజంగానే నాకు సున్నా వేసింది. నేను తల దించుకుని సాంచాల దారి పట్టబోయాను. బాపు కదల్లేదు.

"ఏడికిరా? సారూ, ఇంకో ఆర్నెల్లు ఉంచుకోండ్రి వీన్ని. నాకే సమజైంది, వీనికెందుకు గాదు?"

రఫీక్ సార్ నేర్పిన కంప్యూటర్ భాష ఇప్పుడు మా ఆఫీసులో ఎవరూ వాడరు. కానీ నేనేం రాసినా ముందు ఒక మనిషిని లేపి నడిపించి చూస్తాను. మొన్న మా మేనేజర్‌ను బల్ల చుట్టూ ఐదు చుట్లకని తిప్పాను. ఏడో చుట్టులో ఆయన ఒగరుస్తూ ఆగి, నా చేతిలోంచి ప్రోగ్రాం కాగితం లాక్కున్నాడు.